గురజాడ పక్కన గోపబంధు

ఒడిశాలో పర్లాకిమిడి, బరంపురం, రాయగడ వైపు హైస్కూల్లో తెలుగు చెప్పే టీచర్లకు ఒక మాట. గురజాడ ‘దేశభక్తి’ గేయాన్ని అర్థంతో మొదలుపెట్టకండి. ముందు చప్పట్లతో చదివించండి. ఈ గేయం ఛందస్సు ముత్యాల సరం, దాని నడక మూడు, నాలుగు మాత్రలది: వట్టి, మాటలు, కట్టి, పెట్టోయ్. తకిట తకధిమి అని దరువేస్తే తెలుగు లిపి తడుముకునే పిల్లలు కూడా గొంతు కలుపుతారు.

అసలు పని ఆ తర్వాత. మన పిల్లల్లో చాలామందికి ఒడియా కవి ఉత్కళమణి గోపబంధు దాస్ పంక్తి ‘మిశు మోర దేహ ఏ దేశ మాటిరే’ నోటికి వచ్చే ఉంటుంది. దాన్ని బోర్డు మీద ఒక పక్క, ‘దేశమంటే మట్టికాదోయ్’ ఇంకో పక్క రాయండి. ఒకరు నా దేహం ఈ దేశపు మట్టిలో కలవాలంటారు, ఇంకొకరు దేశమంటే మట్టి కాదంటారు. ఎవరిది రైటు? పిల్లల్ని వాదించుకోనివ్వండి, తొందరపడి తీర్పు చెప్పొద్దు. వాదన ముదిరాక తర్వాతి పాదాలు చదవండి. దేశవాసులు తన వీపు మీదుగా నడిచి వెళ్లాలని గోపబంధు కోరుకుంటారు, ‘దేశమంటే మనుషులోయ్’ అని గురజాడ అంటారు. ఇద్దరూ మనుషుల దగ్గరికే వచ్చారని పిల్లలే పట్టుకుంటారు. నాకు ఈ పాఠంలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే.

హోంవర్క్‌గా వ్యాసం వద్దు. తమ వీధిలో ఒక మనిషి గురించి అదే నడకలో నాలుగు పాదాలు రాయమనండి. మధ్యలో ఒడియా మాటలు పడితే కొట్టేయకండి.