దసరా సెలవులకు కారు తీసే ముందు జాగ్రత్తలు

హన్మకొండ నుంచి ములుగు, ఏటూరునాగారం మీదుగా బొగత జలపాతం దాకా పోవాలనుకుంటే, బయల్దేరే ముందు రోజే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్, ఇంజిన్ ఆయిల్ చూసుకోండి. వేడి మీద రేడియేటర్ మూత అస్సలు తిప్పొద్దు, ఆవిరి ఎగజిమ్మి మొహం కాలుతుంది.

టైర్లలో గాలి కూడా బండి నడపకముందే చూడాలి. గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కన్నా తగ్గితే టైరు మార్చాల్సిందే.

స్టెప్నీని మాత్రం మర్చిపోకండి. పోయినేడు తాడ్వాయి అడవిలో పంక్చరై డిక్కీ తెరిస్తే, మా స్టెప్నీ చేత్తో నొక్కితేనే లోపలికి పోయింది, పిల్లలతో రెండు గంటలు రోడ్డు పక్కనే. జాకీ, పానా ఉంటే సరిపోదు, ఇంటి ముందే ఒక్కసారి నట్లు వదులు చేసి మళ్లీ బిగించి చూడండి.

వైపర్లు, లైట్లు, బ్రేకులు సరేసరి. జాతీయ రహదారి మీద బండి ఆగితే 1033కి ఫోన్ చేయొచ్చు, కానీ అడవిలో సిగ్నల్ పోతుంది, తాగేనీళ్లు, టార్చిలైటు దగ్గరుంచుకోండి.