ఇసుక దొందుల్లో వేరే రకం కనిపిస్తే ఎలా గుర్తించాలి?

గోదావరి లంకల దగ్గర వల లాగితే ఇసుక దొందులు పడటం మామూలే. వాటిలో మూతి పొడుగ్గా, పెదవులు మందంగా ఉన్న చేప కనిపిస్తే పులుసులోకి పంపేయకండి. 1971లో గోదావరి ముఖద్వారం చేపలను చూసి వర్ణించిన అవావస్ ఫ్లూవియాటిలిస్ కావచ్చు.

ముందు బతికుండగానే పక్కనుంచి ఫొటో తీయండి. చచ్చాక రంగు పోతుంది. అసలు రంగును నమ్ముకునే చాలామంది పొరబడతారు. ఒకే చేప ఇసుక మీద తెల్లగా, బురదలో నల్లగా కనిపిస్తుంది.

తర్వాత వెల్లకిలా తిప్పండి. పొట్టకింది రెండు రెక్కలూ కలిసి గిన్నెలా ఉంటే దొందుల కుటుంబమే. విడివిడిగా ఉంటే అది దాదాపుగా ఎలియోట్రిస్ లాంటి వేరే చేప.

ఇక నోరు తెరవండి. నాలుక కొస రెండుగా చీలి, కింది దవడ ముందుకొస్తే ఇసుక దొందు, అంటే గ్లోసోగోబియస్ ప్రజాతి. అవావస్‌కి నోరు కిందివైపు ఉంటుంది. మొప్పల మూత ఎత్తితే భుజం ఎముక మీద వేళ్లలాంటి చిన్న కండలు కనిపిస్తాయి. ఇంత చక్కని గుర్తు చేపల్లో అరుదు, భూతద్దం మాత్రం కావాలి.

ఇప్పుడు లెక్కలు. వీపు మీది మొదటి రెక్కలో ముళ్లు, రెండోదాంట్లో కిరణాలు (రెక్కను నిలిపే మెత్తని పుల్లలు), పక్కన వరుసలో పొలుసులు (ఇసుక దొందుకి సుమారు 30–35). రెండో రెక్క చివర ఒకే మొదలు నుంచి చీలిన జంటను ఒకటిగానే లెక్కించాలి. పొడవు మూతి కొస నుంచి తోక రెక్క మొదలు వరకే. ఒక్క చేపతో సరిపెట్టకుండా చిన్నవీ పెద్దవీ, ఆడా మగా చూడండి.

దేనితోనూ పోలకపోతే, ఫార్మలిన్ (చేప కుళ్లకుండా ఉంచే రసాయనం) తాకకముందే చిన్న రెక్క ముక్క కోసి 95% ఆల్కహాల్‌లో పెట్టండి, డీఎన్ఏకి అదే ఆధారం. చేపను చేతి తొడుగులు వేసుకుని 10% ఫార్మలిన్‌లో, ఆపైన 70% ఆల్కహాల్‌లో ఉంచాలి. కొత్త జాతి అనే ముందు దగ్గరి జాతుల మూల నమూనాలతో (ఆ జాతులకు పేరు పెట్టినప్పుడు ఆధారంగా దాచిన చేపలతో) పోల్చాలి. ఇందుకు హైదరాబాద్‌లోని జువలాజికల్ సర్వే ప్రాంతీయ కేంద్రాన్ని అడగవచ్చు. పేరు పెట్టేటప్పుడు హోలోటైప్‌గా, అంటే ఆ పేరుకు ఆధార నమూనాగా, ఒకే చేపను ఎంచి మ్యూజియంకి అప్పగిస్తారు.

జాడీలో వేసే చీటీ మీద ఊరు, తేదీ, నీటి లోతు పెన్సిల్‌తో రాయండి. పెన్ను సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది.