గుండె లయ తప్పాక మళ్లీ పరుగు: నేను పాటించే పద్ధతి

విశాఖ బీచ్ రోడ్డులో వారానికి నాలుగు రోజులు పరిగెడతాను. వయసు 46. పోయినేడాది ఒక ఉదయం ఆగి నీళ్లు తాగుతుంటే గుండె వల్లో పడ్డ చేపలా కొట్టుకుంది. కూర్చున్నా తగ్గలేదు. ఆసుపత్రికి చేరేసరికి సర్దుకుంది. ఈసీజీ నార్మల్ వచ్చింది, టెన్షన్ తగ్గించుకోమన్నారు. రెండోసారి దడ ఉండగానే ఈసీజీ తీయించాను. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అని అప్పుడు తేలింది. గుండె పై గదులు సరిగ్గా ముడుచుకోకుండా ఊరికే అదురుతాయి.

అందుకే ముందు నాడి చూడటం నేర్చుకోండి. అరచెయ్యి పైకి పెట్టి, మణికట్టు మీద బొటనవేలి వైపు చూపుడు వేలు, మధ్యవేలు ఆనించాలి. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే ఈ జబ్బులో లెక్క తప్పుతుంది, నిండా నిమిషం చూడాలి. నాకైతే రెండు దెబ్బలు గబగబా పడి, ఒక ఖాళీ వచ్చి, తర్వాత ఒకటి నీరసంగా తగులుతుంది. కొత్తగా డప్పు పట్టిన పిల్లాడు వాయించినట్టు ఉంటుంది. ఎప్పుడు మొదలైంది, ఎంతసేపుంది, ముందు రాత్రి నిద్ర ఎలా పట్టింది, అన్నీ నోటుబుక్కులో రాస్తాను. అది చూశాకే మా డాక్టరు థైరాయిడ్‌తో పాటు నిద్ర పరీక్ష కూడా చేయించారు. నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం కూడా దీనికి ఒక కారణమట.

పై గదుల్లో నిలిచిన రక్తం గడ్డకట్టి మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. నాకు బీపీ కూడా ఉంది కాబట్టి రక్తం పలచబడే మాత్ర రోజుకు రెండుసార్లు రాశారు. అందరికీ అవసరం ఉండదు, అది డాక్టరే తేల్చాలి. రాసిస్తే మాత్రం దడ లేదు కదా అని మానేయకండి. మోకాలు నొప్పికి మందుల షాపులో డైక్లోఫెనాక్ అడిగి వేసుకోవద్దు, రక్తస్రావం కావచ్చు. పడి తలకు దెబ్బ తగిలితే బాగానే ఉన్నా ఆసుపత్రికి వెళ్లాలి.

ఎకో (గుండె స్కానింగ్) చూసి డాక్టరు సరేనన్నాకే మళ్లీ పరుగు మొదలుపెట్టాను. నేను వాడే బీటా బ్లాకర్ మాత్ర నాడి వేగాన్ని తగ్గిస్తుంది, కాబట్టి పరుగులో వాచీ చూపే నాడికి పెట్టుకున్న పాత అంకెలు పనికిరావు. వదినతో కబుర్లు చెబుతూ పరిగెడతాను. మాట మధ్యలో ఊపిరి అందకపోతే నడకే. దడ మొదలైతే ఆ రోజుకి పరుగు లేదు. ఛాతీ నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, మూతి వంకర పోవడం, మాట తడబడటం, వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చెయ్యమని ఇంట్లో అందరికీ చెప్పి ఉంచాను.

పరుగుకి వెళ్లేటప్పుడు జేబులో ఒక చీటీ ఉంటుంది. నా పేరు, జబ్బు పేరు, మాత్ర పేరు, వదిన ఫోన్ నంబరు. చెమటకు తడవకుండా చిన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుంటాను.