కాలనీ పక్కన నీలగిరి తోట ఉంటే

మేడ్చల్ వైపు మేం నీలగిరి పెట్టినప్పుడు చుట్టూ కందిచేలే. ఇప్పుడు కంచె అవతల వెంచర్ వేసి ఇళ్లు కూడా కట్టేశారు. తోట మధ్యలో పని పాతదే, తలనొప్పంతా కంచె పక్క ఐదారు వరసల్లోనే.

ముందు నిప్పు సంగతి. నీలగిరి ఆకులో నూనె ఉంటుంది, ఎండిన బెరడు పేలికల్లా రాలి కింద పరుచుకుంటుంది, ఫిబ్రవరి నుంచి మే దాకా ఒక్క బీడీ ముక్క చాలు. అందుకే సంక్రాంతి వెళ్లగానే కంచె పొడవునా కనీసం 3 మీటర్ల వెడల్పున గడ్డి, ఆకు గీకేసి నేల కనపడేలా చేయండి, అటవీ శాఖ వాళ్లు ఫైర్ లైన్ అనేది ఇదే. గీకింది అక్కడే కాల్చొద్దు. నేనోసారి ఆ తెలివితక్కువ పని చేశాను, గాలి తిరిగేసరికి బిందెలు పట్టుకుని పరిగెత్తాం. కాలనీ చెత్త కూడా మన కంచె మీదకే వస్తుంది, తిట్టుకుంటూ అయినా వారానికోసారి తీయించాల్సిందే. కాపలా మనిషి ఫోన్‌లో 101 ఉందో లేదో చూడండి.

కోతకు నాలుగైదేళ్లు పడుతుంది. 2025లో హైదరాబాద్‌లో కంచ గచ్చిబౌలి చెట్ల నరికివేత గొడవ అయ్యాక రంపం మోత వినపడితే చాలు జనం వీడియోలు తీస్తున్నారు, వాళ్లను తప్పుపట్టలేం కూడా. కాబట్టి వారం ముందే కాలనీ వాట్సాప్ గ్రూపులో చెప్పేయండి: ఇది పట్టా భూమిలో వేసిన తోట, ఫలానా రోజుల్లో కోస్తాం, మోళ్ల నుంచి మళ్లీ పిలకలు వస్తాయి అని. పోయినసారి పిలకల ఫొటో ఒకటి పెడితే సగం గొడవ అక్కడే ఆగిపోతుంది. కరెంటు తీగల పక్క చెట్లకు లైన్‌మన్‌తో లైన్ క్లియర్ (అంటే ఆ తీగల్లో కరెంటు ఆపించుకోవడం) తీసుకుని, మోకు కట్టి తోటలోకే పడేలా లాగించండి. మోడును నేలకు నాలుగైదు అంగుళాల ఎత్తులో, ఏటవాలుగా, బెరడు ఊడకుండా రంపంతోనే కోయాలి, గొడ్డలి దెబ్బకు చీలితే పిలక సరిగ్గా రాదు. తర్వాత మోడుకు రెండు మంచి పిలకలు ఉంచి మిగతావి తీసేయండి.

గట్టు మీద టేకు ఉంటే సొంత భూమే కదా అని చేయి వేయకండి, అటవీ శాఖ అనుమతి, రవాణా పర్మిట్ కావాలి.

ఇళ్లవైపు ముందు వరస నేనైతే ఈసారి కానుగకు మార్చేస్తున్నాను, నీడకు నీడ, దుమ్ము కూడా ఆపుతుంది. కోసిన దుంగలు మాత్రం అటువైపు పేర్చకండి, వాటి కింద పాములు చేరతాయి.