డ్రాయింగ్ కంట్రోల్ – 5వ పాఠం: మార్పు మెషిన్ దాకా చేరాలంటే

పోయిన పాఠంలో మాస్టర్ లిస్టు, అంటే షాపులోని డ్రాయింగులన్నిటి పట్టిక, తయారు చేయమన్నాం. చేసినవాళ్లలో చాలామంది ఒకే చోట దెబ్బతిన్నారు. లిస్టులో రివిజన్ (డ్రాయింగ్ ఎన్నో సవరణో చెప్పే అక్షరం) సి అని ఉంది, సీఎన్‌సీ మెషిన్ పక్కన క్లిప్పుకున్న ప్రింటు మాత్రం బి. ఆపరేటరు తన చేతిలోని కాగితం ప్రకారం సరిగ్గానే చేశాడు, లాట్ మొత్తం రిజెక్ట్ అయింది. ఈసారి పార్ట్ నంబర్ల గురించి చెప్పాల్సింది, అది 6వ పాఠానికి జరుగుతుంది. ఇది తేలకుండా ముందుకెళ్లి లాభం లేదు.

లోపం లిస్టులోనే ఉంది. డ్రాయింగ్ నంబరు, పేరు, కస్టమర్, రివిజన్, తేదీ అన్నీ రాశారు. కాపీలు ఎక్కడెక్కడ ఉన్నాయో రాయలేదు. ఎక్కడుందో తెలియని కాగితాన్ని వెనక్కి తీసుకోవడం ఎవరి తరమూ కాదు. లిస్టులో ఇంకో గడి పెట్టి కాపీ 1 ఆఫీసు, కాపీ 2 ఇన్‌స్పెక్షన్, కాపీ 3 ఫలానా మెషిన్ అని రాయండి. అదే నంబరు ప్రింటు మీదా వేయండి. చిన్న షాపులో మూడు కాపీలు దాటాల్సిన పని లేదు. నన్నడిగితే మెషిన్ దగ్గర శాశ్వత కాపీ అసలు ఉంచొద్దు. ప్రింటు జాబ్ కార్డుతో (ఆ పనితో పాటు తిరిగే కార్డు) వెళ్లాలి, జాబ్ కార్డుతోనే తిరిగి రావాలి. రోజూ నడిచే పార్టుకైనా ఇదే పద్ధతి.

కంట్రోల్డ్ కాపీ (లిస్టులో నమోదైన అధికారిక కాపీ) స్టాంపు ఎర్ర ఇంకుతోనే వేయండి. మామూలు జిరాక్స్ తీస్తే ఆ స్టాంపు నల్లగా వస్తుంది కాబట్టి అనధికార కాపీ దూరం నుంచే తెలిసిపోతుంది. కలర్ ప్రింటర్ ఉన్న ఆఫీసుల్లో ఇది చాలదు, స్టాంపు మీద ఇంకు పెన్నుతో సంతకం కూడా ఉండాలి.

ఇంకో రెండు చిన్న విషయాలు. కస్టమర్ రివిజన్‌నీ, మీ ప్రాసెస్ షీటు (పని ఏ వరుసలో చేయాలో చెప్పే కాగితం) రివిజన్‌నీ ఒకే గడిలో రాసినవాళ్లు వాటిని విడగొట్టండి. కస్టమర్ డ్రాయింగ్ మారకుండానే మీ ప్రాసెస్ షీటు పదిసార్లు మారొచ్చు. సొంత డ్రాయింగులకు అక్షరాలు వాడేవాళ్లు ఐ, ఓ, క్యూ, ఎస్, ఎక్స్, జెడ్ వదిలేయండి. అంకెలతో, ఇతర గుర్తులతో కలిసిపోతాయని అమెరికన్ ప్రమాణం ఏఎస్ఎంఈ వై14.35 కూడా వీటిని పక్కన పెట్టింది. టైటిల్ బ్లాక్ (డ్రాయింగ్ మూలలో పేరు, నంబరు ఉండే గడి) ఎలా నింపాలో మీకు తెలుసు, దాని జోలికి పోవడం లేదు.

ఇక అసలు పాఠం. ఒక గన్‌మెటల్ బుష్ (షాఫ్టు తిరిగే గొట్టం లాంటి ముక్క) తీసుకుందాం. రివిజన్ బిలో బోరు (లోపలి రంధ్రం) 25 హెచ్7, అంటే 25.000 నుంచి 25.021 మి.మీ. బుష్‌ను హౌసింగ్‌లో ప్రెస్ చేశాక బోరు కాస్త ముడుచుకుంటోంది, షాఫ్టు బిగుసుకుంటోంది. అందుకని కస్టమర్ రివిజన్ సిలో బోరును 25 ఎఫ్7 చేశాడు: 25.020 నుంచి 25.041. డ్రాయింగులో మారింది ఒక్క అక్షరం. షాపులో ఏమేం మారాలో చూడండి.

బోరు రీమర్‌తో (రంధ్రాన్ని కచ్చితమైన సైజుకి తెచ్చే టూల్) ఫినిష్ చేస్తున్నారు. సైజు ఇచ్చేది రీమరే కాబట్టి సీఎన్‌సీ ప్రోగ్రాంలో రీమింగ్ దగ్గర ఒక్క అంకె కూడా మారదు. ప్రమాదమంతా ఇక్కడే. బోరింగ్ బారుతో చేసే పనైతే సైజు మార్చడానికి ఎవరో ఒకరు ఆఫ్‌సెట్ (మెషిన్‌లో టూల్ సవరణ అంకె) ముట్టుకుంటారు, అప్పుడైనా డ్రాయింగ్ చూస్తారు. రీమర్ విషయంలో చూడాల్సిన అవసరమే ఎవరికీ రాదు. టూల్ లిస్టులో 25 హెచ్7 రీమర్ అని ఉంది, స్టోర్స్ అదే ఇస్తుంది, మెషిన్ అదే పని చేస్తుంది.

తర్వాత గేజ్. పాత ప్లగ్ గేజ్‌లో గో వైపు 25.000, నోగో వైపు 25.021. గో దూరాలి, నోగో దూరకూడదు. కొత్త డ్రాయింగ్ ప్రకారం 25.030 వచ్చిన మంచి ముక్కలోకి నోగో దూరిపోతుంది, ముక్క రిజెక్ట్. 25.010 వచ్చిన తప్పు ముక్కలోకి గో దూరుతుంది, నోగో ఆగుతుంది, ముక్క ఓకే. అంటే కాగితం మారి గేజ్ మారకపోతే మీ ఇన్‌స్పెక్షనే మంచివాటిని పారేసి చెడ్డవాటిని కస్టమర్‌కి పంపిస్తుంది. ఇన్‌స్పెక్షన్ రిపోర్టు ఫార్మాట్‌లో పాత లిమిట్లు ముందే అచ్చయి ఉంటే ఆ తప్పు మీద సంతకం కూడా పడుతుంది.

అందుకే ప్రతి మార్పుకీ సగం ఏ4 కాగితమంత మార్పు నోటు కావాలి. ఏ డ్రాయింగ్, ఏ రివిజన్ నుంచి ఏ రివిజన్‌కి, ఏ కొలత మారింది, ఎందుకు మారింది అన్నవి పైన. కింద వరుసగా ప్రాసెస్ షీటు, ప్రోగ్రాం, టూల్ లిస్టు, ఫిక్స్చర్ (ముక్కను పట్టి ఉంచే సాధనం), గేజ్, ఇన్‌స్పెక్షన్ ఫార్మాట్, జాబ్ వర్క్ పార్టీ (బయట పని చేసిచ్చేవాళ్లు), పర్చేజ్ ఆర్డర్. ఒక్కోదాని ఎదురుగా ‘మారాలి’ లేదా ‘అక్కర్లేదు’ అని రాసి సంతకం. ఖాళీ గడి ఒప్పుకోవద్దు. ఖాళీగా ఉందంటే చూశారో లేదో తెలియదు. పర్చేజ్ ఆర్డర్ విషయం మరీ ముఖ్యం. ఆర్డర్‌లో రివిజన్ బి అని ఉండి మెయిల్‌లో రివిజన్ సి వస్తే మీ అంతట మీరు సి మొదలుపెట్టొద్దు. ఆర్డర్ సవరణ రాతలో తెప్పించుకోండి.

క్రమం కూడా ముఖ్యమే. ముందు జాబ్ కార్డు హోల్డ్‌లో పెట్టండి. పాత ప్రింట్లు నంబర్ల ప్రకారం వెనక్కి తెప్పించండి. పాతది చేతికొచ్చాకే కొత్తది ఇవ్వండి. వెనక్కొచ్చిన వాటిలో ఒకదాని మీద అబ్సొలీట్ (చెల్లదు) స్టాంపు వేసి ఫైల్లో పెట్టండి, పాత లాట్ల మీద ఫిర్యాదు వస్తే అదే ఆధారం. మిగతావి చించేయండి. వెనక వైపు ఖాళీగా ఉందని రఫ్ కాగితంగా వాడొద్దు. లెక్కలు వేసుకున్న ఆ కాగితమే తిరగబడి మళ్లీ మెషిన్ దగ్గరికి చేరుతుంది.

ఇప్పుడు వాట్సాప్. పోయిన పాఠం తర్వాత వచ్చిన తప్పుల్లో ఎక్కువ భాగం దీనివల్లే, అందుకే దీన్ని వదలను. డ్రాయింగ్‌ను ఫోన్‌తో ఫొటో తీసి జాబ్ వర్క్ పార్టీకి పంపడం అలవాటైపోయింది. మొదటి ఇబ్బంది: కావాల్సిన భాగమే తీస్తారు, రివిజన్ ఉన్న మూల ఫొటోలో పడదు. రెండోది: వాట్సాప్ ఫొటోని కుదిస్తుంది, 6కీ 8కీ తేడా పోతుంది, దశాంశ బిందువు మాయమవుతుంది. మూడోది అన్నిటికంటే చెడ్డది. ఆ ఫొటోని వెనక్కి తీసుకోలేరు. మీ ఫోన్లో డిలీట్ చేసినా అవతలి గ్యాలరీలో సేవ్ అయి ఉండొచ్చు, అక్కడి నుంచి ఇంకొకరికి ఫార్వర్డ్ అయి ఉండొచ్చు. ఆరు నెలల తర్వాత రిపీట్ ఆర్డర్ వస్తే పైకి స్క్రోల్ చేసి దొరికిన ఫొటోతో పని మొదలుపెడతారు. ‘అన్నా, బోరు కొంచెం పెద్దది పెట్టు’ అన్న వాయిస్ మెసేజ్ వీటికి తోడు. దాని మీద రివిజన్ ఉండదు, సంతకం ఉండదు, మీరు మార్పు చెప్పినట్టు రేపు ఎవరూ ఒప్పుకోరు.

వాట్సాప్ మానేయమంటే ఎవరూ మానరని తెలుసు. కాబట్టి ఇలా చేయండి. ఫొటో వద్దు, పీడీఎఫ్‌ను డాక్యుమెంట్‌గా పంపండి. ఫైలు పేరులో డ్రాయింగ్ నంబరు, రివిజన్ ఉండాలి. ‘ఫైనల్’, ‘లేటెస్ట్’, ‘కొత్తది’ ఉండకూడదు. అవతలివాళ్లు ఓకే అంటే చాలదు, రివిజన్ అక్షరం టైప్ చేసి జవాబివ్వాలి. దీనితోపాటు మెటీరియల్ పంపే డెలివరీ చలాన్ మీద కూడా రివిజన్ రాయండి. నా మొదటి ఎంపిక ఇదే. జీఎస్‌టీ లెక్కల కోసం చలాన్‌ను రెండు వైపులా జాగ్రత్తగా దాస్తారు, మెటీరియల్‌తోనే వెళ్తుంది, మెటీరియల్‌తోనే లెక్క తేలుతుంది. డ్రాయింగ్ పోయినా చలాన్ పోదు.

పాత స్టాక్ సంగతి క్లుప్తంగా. మెషిన్ మీద ఉన్నవి, స్టోర్స్‌లో ఉన్నవి, జాబ్ వర్క్‌లో ఉన్నవి, డిస్పాచ్ అయినవి విడివిడిగా లెక్కించి మార్పు నోటు వెనక రాయండి. మన బుష్ చిన్న బోరు నుంచి పెద్ద బోరుకి వెళ్తోంది కాబట్టి రీవర్క్ వీలవుతుంది. కానీ కొత్త రీమర్ పెట్టి తిప్పేయొద్దు. తీయాల్సింది 0.02 మి.మీ. మాత్రమే. అంత తక్కువ మెటీరియల్‌ను రీమర్ కోయదు, రుద్దుతుంది. ఫినిష్ పాడవుతుంది, సైజూ నమ్మలేం. హోనింగ్ (రాపిడి రాళ్లతో సన్నగా అరగదీయడం) చేయించండి. మార్పు ఎఫ్7 నుంచి హెచ్7 వైపు ఉంటే, 25.021 దాటిన ముక్కలన్నీ స్క్రాపే.

ఐఎస్ఓ 9001:2015 నాణ్యతా సర్టిఫికెట్ ఉన్న కంపెనీలకు ఒక మాట. 7.5.3 క్లాజు కింద పంపిణీ, మార్పుల నియంత్రణ అడిగేది ఇదే. ఆడిటర్ మీ రిజిస్టరు చూసి ఊరుకోడు. మెషిన్ మీది ప్రింటు రివిజన్ నోట్ చేసుకుని వచ్చి లిస్టుతో పోల్చి చూస్తాడు.

ఈ వారం పని కొంచెం బరువైనదే. మీ దగ్గర ఎక్కువసార్లు నడిచే ఒక పార్టు ఎంచుకోండి. దాని డ్రాయింగ్ కాపీలన్నీ వెతికి పట్టుకోండి. టూల్ బాక్సు మూత లోపల, బీరువా మీద, ఫోన్లలో, పెన్ డ్రైవుల్లో, ఇన్‌స్పెక్షన్ టేబుల్ అద్దం కింద, ప్లేటింగ్ చేసేవాళ్ల దగ్గర కూడా చూడాలి. ఒక్కోదాని రివిజన్ రాసుకోండి. తర్వాత ఒక బోరు టాలరెన్స్ మారిందనుకుని మార్పు నోటు పూర్తిగా నింపండి. నోటు మీద పెద్దగా ‘అభ్యాసం’ అని రాయండి, నిజం ప్రింట్ల మీద గీత కూడా పడకూడదు. నోటు తయారు చేసినవారు కాకుండా రెండో షిఫ్టు ఫోర్‌మన్ దాన్ని చదివి ఏ రీమర్, ఏ గేజ్, ఏ ఫార్మాట్ తీసుకోవాలో ఎవర్నీ అడగకుండా చెప్పాలి. ఎక్కడ ఆగి అడిగారో నోటు మీదే పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. 6వ పాఠంలో పార్ట్ నంబర్లను ఆ గుర్తుల దగ్గర నుంచే మొదలుపెడతాం.