చెమ్మ బాత్రూమ్ స్పా అయింది

బాత్రూమ్ వెనక పడకగది గోడ పెచ్చులు రాలేది. పెయింట్ చాలన్నారు కొందరు. బాత్రూమ్ టైల్స్ తీయిస్తే, నహానీ ట్రాప్ (నేల మీది నీళ్లు బయటికి పోయే జాలీ కింది అమరిక) చుట్టూ సిమెంటు గోటితో గీకితే రాలేంత మెత్తబడి ఉంది. లీకేజీ అక్కడే!

ట్రాప్ మార్పించి, నేలా గోడా కలిసే మూలలు గుండ్రంగా పూడ్పించి, వాటర్‌ప్రూఫ్ కోటింగ్ రెండుసార్లు వేయించాను, షవర్ దగ్గర ఆరడుగుల ఎత్తు దాకా. తర్వాత ట్రాప్ మూసి 48 గంటలు నీళ్లు నిలబెట్టాం. మేస్త్రి ఎంత తొందరపెట్టినా ఈ పరీక్ష వదలకండి. కింది ఫ్లాట్ సీలింగ్‌కు చెమ్మ దిగలేదని చూశాకే, వాటం ట్రాప్ వైపు ఉండేలా జారని టైల్స్ వేయించాను.

రెయిన్ షవర్, వెచ్చటి లైటు, నలుగు పెట్టుకోవడానికి తాండూరు బండ అరుగు నా ముచ్చట. నూనె రాసుకుని అక్కడ కూర్చుంటే ఒళ్లు తేలికపడుతుంది. స్నానమయ్యాక మాత్రం ఎగ్జాస్ట్ ఫ్యాన్ కాసేపు తిరగనివ్వాలి, ఆవిరి బయటికి పోవాలి కదా.