వేసవిలో ఊరెళ్లే ముందు: అక్వేరియంలో నీరు తానే నిండే ఏర్పాటుకు జాగ్రత్తలు

మార్చి దాటిందంటే ఇళ్లలోని అక్వేరియాల్లో నీటిమట్టం కళ్లముందే దిగిపోతుంది. పైన సీలింగ్ ఫ్యాను, పక్కన కూలరు తిరిగే గదిలో మూత లేని తొట్టి నుంచి రోజుకు సెంటీమీటరు నీరు ఆవిరైపోయినా వింత లేదు. సెలవులకు ఊరెళ్లేవారు అందుకే ఒక ఫ్లోట్ స్విచ్ (నీటిమట్టంతో పాటు తేలుతూ మోటారును వేసి, ఆపే స్విచ్), చిన్న మోటారు, నిల్వ డబ్బా కలిపి, తగ్గిన నీరు దానంతటదే నిండేలా ఏర్పాటు చేసుకుంటారు. అయితే ఈ ఏర్పాటు పనిచేయకపోవడం కంటే ఆగకుండా పనిచేయడమే ఎక్కువ ప్రమాదం. రెండంగుళాల నీరు తగ్గితే చేపలు సాధారణంగా తట్టుకుంటాయి. ఆగని మోటారును చేపలూ తట్టుకోలేవు, ఇంటి నేలా తట్టుకోలేదు.

అందువల్ల ముందుగా ఆలోచించవలసింది స్విచ్ ఖరీదు గురించి కాదు, నిల్వ డబ్బా పరిమాణం గురించి. 90 సెం.మీ. పొడవు, 45 సెం.మీ. వెడల్పు గల తొట్టిలో ఒక సెంటీమీటరు నీరంటే సుమారు 4 లీటర్లు. నీటిమట్టాన్ని అంచుకు 6 సెం.మీ. కింద ఉంచి, ఇళ్లకు వచ్చే 20 లీటర్ల నీళ్ల క్యానునే నిల్వగా పెట్టుకుంటే, స్విచ్ ఇరుక్కుపోయి క్యాను మొత్తం ఖాళీ అయినా నీరు అంచు దాటదు. రోజుకు సెంటీమీటరు తగ్గే చోట ఆ క్యాను ఐదు రోజులు వస్తుంది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఫ్యాను, కూలరు ఆగి ఉంటాయి కనుక తరుగుదల అంతకంటే తక్కువే ఉండవచ్చు. అంతకు మించిన ప్రయాణమైతే పెద్ద డ్రమ్ము పెట్టడం కంటే, పక్కింటివారికి తాళం ఇచ్చి మధ్యలో ఒకసారి క్యాను నింపమనడం నయం. మిద్దె మీది ట్యాంకు నుంచి నేరుగా పైపు కలపడం మాత్రం ఎంత సులువనిపించినా కూడదు. ఆ నీటికి హద్దు లేదు, మే నెల మధ్యాహ్నం అది బాగా వేడెక్కి ఉంటుంది, మున్సిపల్ నీరైతే క్లోరిన్ కూడా ఉంటుంది.

చాలామంది పట్టించుకోనిది నీరు పోసే గొట్టం కొన. అది తొట్టి నీటిలో మునిగి ఉంటే, క్యాను ఎత్తున ఉన్నప్పుడు మోటారు ఆగినా సైఫన్ (గొట్టం గుండా నీరు తనంతట తానే కిందికి పారడం) ఆగదు. క్యాను కింద ఉంటే తొట్టి నీరే వెనక్కి క్యానులోకి దిగిపోతుంది. కనుక క్యానును తొట్టి కంటే కిందే పెట్టి, గొట్టం కొనను నీటికి తగలకుండా పైన క్లిప్పుతో బిగించాలి.

ఫ్లోట్ స్విచ్ మీద నాచు పట్టినా, నత్త ఎక్కినా, బోరు నీటి సున్నపు పొర పేరుకున్నా అది ఇరుక్కుంటుంది. ఆ పొరను వెనిగర్‌లో నానబెట్టి తీసి, మంచినీటితో బాగా కడగాలి. మొదటి స్విచ్‌కు 2 సెం.మీ. పైన రెండోదాన్ని అమర్చి, రెంటిలో ఏది ఆఫ్ అయినా మోటారు ఆగేలా వరుసగా కలిపితే మరింత భద్రం. ఫిల్టర్ నీరు పడే చోట అలలకు స్విచ్ మాటిమాటికీ పడి లేస్తుంది కాబట్టి దాన్ని నిలకడగా ఉన్న మూలలోనే పెట్టాలి. తొట్టి కింద సంప్ (తొట్టి నీరు దిగి, తిరిగి పైకెక్కే రెండో తొట్టి) ఉన్నవారు మరో సంగతి చూసుకోవాలి: కరెంటు పోయి వచ్చినప్పుడు నీరు పైకెక్కే కొద్దిసేపు సంప్ మట్టం పడిపోతుంది, దాన్ని తరుగుదల అనుకొని మోటారు అనవసరంగా నీరు పోస్తుంది. అందుచేత కొన్ని నిమిషాలు ఆగి పనిచేసే కంట్రోలర్ ఉండాలి.

ఆవిరయ్యేది నీరే గాని అందులోని లవణాలు కావు. వేసవి అంతా బోరు నీటితోనే భర్తీ చేస్తే కాఠిన్యం వారం వారం పెరుగుతుంది, కనుక భర్తీకి ఆర్ఓ నీరు మేలు. సముద్రపు చేపల తొట్టిలోనూ ఉప్పు కలపని నీరే పోయాలి. అలాగని ఈ భర్తీ నీటి మార్పిడికి బదులు కాదు.

మోటారు 12 వోల్టులదై ఉండాలి. అడాప్టరును తొట్టి కంటే ఎత్తున గోడకు తగిలించి, నీటి నుంచి వచ్చే ప్రతి తీగనూ ప్లగ్గు కంటే కిందికి వేలాడదీస్తే, జారిన చుక్క ప్లగ్గులోకి పోకుండా అక్కడే రాలిపోతుంది. క్యాను మూతిని గుడ్డతో బిగించి కట్టకపోతే అందులో దోమలు గుడ్లు పెడతాయి.

ప్రయాణానికి కనీసం వారం ముందే ఇదంతా బిగించి, రెండు మూడు లీటర్లు తోడేసి మోటారు మొదలవుతుందో లేదో, ఫ్లోటును చేత్తో ఎత్తితే ఆగుతుందో లేదో చూడాలి. మెయిన్ ఆపి మళ్లీ వేసి, ఆ తగ్గించిన మట్టంలో కూడా వెనక వేలాడే ఫిల్టర్ తిరిగి నీరు లాగుతోందని నిర్ధారించుకోవాలి. బయలుదేరే రోజున ప్లగ్గు పక్కనే పెద్ద అక్షరాలతో ఒక చీటీ అంటించండి: ‘నీరు అంచు దాకా వస్తే ముందు ఈ ప్లగ్గు పీకండి, ఫోను ఆ తర్వాత చేయండి.’